జోహన్నెస్‌బర్గ్ శిక్షకులతో 12 రోజుల నాటక వర్క్‌షాప్: ఈ ప్లాను ఎక్కడ బెడిసికొడుతుంది?

పక్కతెర:
అమెరికాలో ఒక యూనివర్సిటీ నాటక విభాగానికి జోహన్నెస్‌బర్గ్ నుంచి ఇద్దరు నట శిక్షకులు వస్తున్నారు. 12 రోజులు, రోజుకు 5 గంటలు, 16 మంది విద్యార్థులు. ఆఖరి రోజు బయటివాళ్లను పిలిచి 40 నిమిషాల ప్రదర్శన. నేర్పేది దక్షిణాఫ్రికా వర్క్‌షాప్ థియేటర్ పద్ధతి, అంటే తయారైన స్క్రిప్టు లేకుండా నటులే కలిసి నాటకం కట్టుకోవడం. మా షెడ్యూలు: మొదటి 4 రోజులు 'వోజా ఆల్బర్ట్!' నాటకం నుంచి మూడు సీన్లు, తర్వాత 4 రోజులు గమ్‌బూట్ డాన్సు (రబ్బరు బూట్లను అరచేత్తో చరుస్తూ దరువు వేసేది), చివరి 4 రోజులు విద్యార్థుల సొంత సీన్లు. బి-1 విజిటర్ వీసా మీద రప్పించి గౌరవ వేతనం ఇవ్వొచ్చని ఆఫీసులో అంటున్నారు. పని తెలిసినవాళ్లు లోపాలు చెప్పండి.

నేలబల్ల:
షెడ్యూలు తలకిందులుగా ఉందండీ. ఆ నాటకం 1981లో జోహన్నెస్‌బర్గ్ మార్కెట్ థియేటర్‌లో ఆడింది. పర్సీ మ్త్వా, ఎంబొంగేని ఎన్‌గేమా అనే ఇద్దరు నటులు దర్శకుడు బార్నీ సైమన్‌తో కలిసి కట్టుకున్నది. తయారైన సీన్లతో మొదలుపెడితే మీవాళ్లు ఆ ఇద్దరినీ అనుకరించడం నేర్చుకుంటారు, పద్ధతి మాత్రం రాదు. సైమన్ నటులను బయటికి పంపి, మనుషుల్ని చూసి రమ్మనేవాడు. పద్ధతికి పునాది అదే.

నేనైతే మొదటి 3 రోజులూ పరిశీలనకే ఇస్తాను. ఒక్కో విద్యార్థి ఒక్కో మనిషిని ఎంచుకుని (బస్ డ్రైవరు, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే మనిషి, రాత్రి కాపలాదారు) అనుమతి అడిగి 40 నిమిషాలు దగ్గరుండి చూడాలి. నోట్సులో 'దిగులుగా ఉన్నాడు' లాంటివి రాయనివ్వకండి. చేతులు ఏం చేస్తున్నాయి, బరువు ఏ కాలి మీద ఉంది, ఏ మాట దగ్గర ఊపిరి ఆగింది, ఇవి రాయాలి. మర్నాడు గుండ్రంగా కూర్చోబెట్టి, మధ్యలో ఒక్కరు ఆ మనిషిగా 3 నిమిషాలు మాట్లాడాలి. మిగతావాళ్ల ప్రశ్నలకు కూడా ఆ మనిషిగానే జవాబివ్వాలి. 16 మందికి ఒక్కొక్కరికి 10 నిమిషాలు వేసుకున్నా రెండు గంటల నలభై నిమిషాలు, ఒక పూటకు సరిపోతుంది. నాలుగో రోజు నుంచి జంటలు. 8 జంటలు, ఒక్కో సీను 4 నిమిషాలు, అంటే 32. మిగిలిన 8 నిమిషాలు పాటలకూ మార్పులకూ పోతాయి.

అమెరికన్ క్లాసుల్లో దీనికి రెండు అడ్డంకులు. ఒకటి, లేచి చేయడానికి ముందే అరగంట చర్చ. చేసి చూపించాకే మాట్లాడాలని మొదటి గంటలోనే చెప్పేయండి. రెండోది కామెడీ ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు అల్లి నవ్వించడం) అలవాటు: పది సెకన్లకో నవ్వు రాబట్టాలనే తొందరలో మనిషి కాస్తా కార్టూన్ అయిపోతాడు. ఇంకోటి, రోజుకొకరిని లేఖకుడిగా పెట్టండి. సౌండ్ రికార్డు చేసి ఆ రాత్రే కాగితం మీదకు ఎక్కించాలి, లేకపోతే మంచి డైలాగు మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

సగంబంతి:
పై జవాబుతో ఏకీభవిస్తూ వస్తువుల సంగతి. స్క్రిప్టు ప్రకారం రంగస్థలం మీద బోర్లించిన రెండు టీ పెట్టెలు, వెనక తాళ్లకు వేలాడే పదడుగుల పాత చెక్క, దాని మేకులకు చిరుగు బట్టలు, అంతే. తెల్లవాళ్ల పాత్ర రాగానే నటులు మెడలోని ఎలాస్టిక్‌కు కట్టిన గులాబీ రంగు ముక్కు తగిలించుకుంటారు. అది సగానికి కోసిన స్క్వాష్ బంతి. పింగ్‌పాంగ్ బంతి వాడకండి, కోసిన అంచు చర్మాన్ని గీరుతుంది. కోసిన చోట గరుకు కాగితంతో రుద్దండి. ముక్కు రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి, గొంతు ముక్కుతో పలికితే వెనక వరసకు మాట అర్థం కాదు.

అసలు చిక్కు వేరే. నల్లజాతి నటుడి ముఖం మీద ఉంది కాబట్టే ఆ ముక్కుకు అంత పదును. మీ 16 మందిలో తెల్ల విద్యార్థులు, మనవాళ్లు ఉంటే అది వాళ్ల ముఖం మీద ఏమవుతుందో శిక్షకుల్నే తేల్చనివ్వండి. నన్నడిగితే ముక్కు జోలికి పోకుండా, ఒకే వస్తువుతో పాత్ర మారే సూత్రం మాత్రం తీసుకుని, వస్తువును విద్యార్థులే వెతుక్కోవాలి. ఆ మూడు సీన్లను బయటివాళ్ల ముందు ఆడితే ప్రదర్శన హక్కులకు రాతపూర్వక అనుమతి కూడా కావాలి. క్లాసులో చదివించి వదిలేయడం నయం.

బూటుదరువు:
గమ్‌బూట్‌కు వరసగా 4 రోజులు వద్దు. రోజూ 25 నిమిషాలు, వార్మప్‌గా. ఇది బంగారు గనుల కార్మికుల నాట్యం. మోకాళ్లు వంచి, నడుము దగ్గర ముందుకు ఒరిగితే అరచేయి పిక్కకు అందుతుంది. నిటారుగా నిలబడి చేయి చాచేవాళ్లకు రెండో రోజే నడుము పట్టేస్తుంది. బూటు పైభాగం వదులుగా ఉండాలి, లోపలి గాలి వల్లే శబ్దం వస్తుంది. ప్యాంటు లోపలికి దోపితే చప్పుడు చచ్చిపోతుంది. మరీ పెద్ద సైజు తీసుకుంటే మడమ లేచి చీలమండ మడతపడుతుంది, మందం సాక్సు వేసి సరిచూడండి. కాంక్రీటు నేల మీద అసలు వద్దు, చెక్క నేల ఉన్న గది బుక్ చేయండి. మొదటి రెండు రోజులు బూట్లు లేకుండా నోటితో, చప్పట్లతో దరువు నేర్పితే తర్వాత తప్పులు తగ్గుతాయి.

మీ ప్లానులో నేర్చుకునేవాళ్లంతా ఒకవైపే ఉన్నారు. క్యాంపస్‌లో నల్లజాతి విద్యార్థి సంఘాలు ఉంటే స్టెప్పింగ్ (అడుగులు, చప్పట్లతో దరువు వేసే అమెరికా నల్లజాతి విద్యార్థుల నాట్యం) వచ్చినవాళ్లు దొరుకుతారు. వాళ్లు శిక్షకులకు నేర్పే పూట ఒకటి పెట్టండి. 1994లో వాషింగ్టన్ కళాకారులు సొవెటో డాన్స్ థియేటర్‌తో కలిసి మొదలుపెట్టిన 'స్టెప్ ఆఫ్రికా!' ఈ రెండు దరువుల కలయికే. రెండూ వినడానికి దగ్గరగా ఉన్నాయని ఒకదాన్నుంచి ఒకటి పుట్టిందని కరపత్రంలో రాసేయకండి, పుట్టిన చోట్లు వేరు.

ఫారంబాబు:
వీసా: బి-1 మీద గౌరవ వేతనం ఒక సంస్థలో 9 రోజులు మించని విద్యాసంబంధ పనికే. మీది 12 రోజులు, పైగా ప్రదర్శన. పనికిరాదు. పి-3 చూడండి, సంస్కృతికి ప్రత్యేకమైన కళను ప్రదర్శించడానికే కాదు, నేర్పడానికీ అది వర్తిస్తుంది. యూనివర్సిటీ అమెరికా వలస శాఖకు ఐ-129 ఫారంతో పిటిషన్ వేయాలి, కళాకార సంఘం నుంచి సంప్రదింపు లేఖ, ఆ కళ గురించి నిపుణుల లేఖలు జతచేయాలి. వర్క్‌షాప్‌కు ఏడాది ముందు నుంచే వేయొచ్చు, కనీసం ఆరు నెలల ముందైనా వేసేయండి. ఆమోదం వచ్చాక కాన్సులేట్ ఇంటర్వ్యూ వేరే ఉంటుంది.

డబ్బు: విదేశీ కళాకారుల చెల్లింపులో మామూలుగా 30 శాతం పన్ను కింద ముందే పట్టుకుంటారు. ఒప్పందంలో ఉన్న అంకె కోతకు ముందుదా, తర్వాతదా రాయకపోతే ఆఖరి రోజు గొడవే. టికెట్లు, బస యూనివర్సిటీయే నేరుగా కట్టాలి. టైం తేడా అమెరికా తూర్పు తీరంలోనే ఆరేడు గంటలు, పడమటికి పోయేకొద్దీ ఇంకా ఎక్కువ, దిగిన మర్నాడే క్లాసు పెట్టకండి.

పక్కతెర:
అందరికీ ధన్యవాదాలు. పరిశీలన ముందుకు తెచ్చాం, సీన్లు తీసేశాం, పి-3 గురించి లాయరుతో మాట్లాడుతున్నాం. ఒక్క సందేహం: 16 మంది, ఇద్దరు శిక్షకులు కలిసి కట్టిన సీన్లు ఎవరివి?

నేలబల్ల:
ఇలాగే కలిసి కట్టిన దక్షిణాఫ్రికా నాటకం 'సిజ్వే బాంజీ ఈజ్ డెడ్' (1972) రచయితలుగా అథొల్ ఫుగార్డ్, జాన్ కానీ, విన్‌స్టన్ ఎన్‌ట్‌షోనా ముగ్గురి పేర్లూ ఉంటాయి. ఆ దారే పట్టండి. మొదటి రోజే ఒక పేజీ రాసి 18 మందీ సంతకం చేయాలి: కరపత్రంలో అందరి పేర్లు, సీను పక్కన దాన్ని కట్టిన జంట పేరు. శిక్షకులు ఆ సీన్లను జోహన్నెస్‌బర్గ్‌లో ఆడించాలన్నా, విద్యార్థులు వేరే ఉత్సవానికి తీసుకెళ్లాలన్నా ఎవరి అనుమతి కావాలి, డబ్బు వస్తే వాటా ఎంత అన్నదీ అందులోనే ఉండాలి. యూనివర్సిటీ వీడియో తీస్తే దాన్ని ఎంతకాలం, ఎక్కడ చూపొచ్చో వేరే వాక్యం రాయండి, మామూలు అనుమతి పత్రంలో ఆ సంగతి స్పష్టంగా ఉండకపోవచ్చు. పరిశీలించిన మనుషుల అసలు పేర్లు, పనిచేసే చోటు స్క్రిప్టులోకి రాకూడదు.