విశ్వాసం అంతంతమాత్రం, సీనియర్ మిషన్‌కు వెళ్ళవచ్చా?

మూసీగట్టు (హైదరాబాద్):

నమస్కారం. నా వయసు 62. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మేం కడవరి దిన పరిశుద్ధుల సంఘం (బయటివాళ్ళు మార్మన్లు అంటారు) సభ్యులం. పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. పోయిన నెల బిషప్ గారు పిలిచి, “మీరిద్దరూ సీనియర్ మిషన్ సంగతి ఆలోచించండి” అన్నారు. అంటే పెద్ద వయసు జంటలు ఇల్లు వదిలి కొన్ని నెలలు సంఘం సేవకు వెళ్ళడం. మా ఆవిడ ఆ సాయంత్రమే అటక మీది సూట్‌కేసు దింపించి దులిపింది. బెంగంతా నాకే.

నెలకొకసారి వచ్చే ఉపవాస ఆదివారం సభలో సాక్ష్యం చెప్పడానికి లేచిన ప్రతివారికీ ఏదో ఒక అద్భుతం జరిగి ఉంటుంది. నాకు 30 ఏళ్ళలో ఒక్కటీ జరగలేదు. ఒకసారి తాళంచెవి పోతే మోకరించి ప్రార్థించాను. చివరికి సోఫా జరిపితే దొరికింది. ఇలాంటివాడు మిషనరీలు పెట్టుకునే, యేసు క్రీస్తు పేరున్న నల్ల బిళ్ళ గుండె మీద పెట్టుకుని తిరగవచ్చా? వెళ్ళివచ్చినవారు ఉన్నదున్నట్టు చెప్పండి. మా ఆవిడకు షుగరు కూడా ఉంది.

పాత గుమాస్తా:

ముందు కాగితాల సంగతి. ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవైమూడు నెలలు, వీటిలో మీకు వీలైనది ఎంచుకోవచ్చు. ఖర్చు మీదే. ఇంటింటికీ తిరిగి తలుపులు తట్టే పని పెద్దవాళ్ళకు ఉండదు. వైద్య పరీక్షల్లో షుగరు సంగతి దాచకండి, దాన్నిబట్టే చోటు నిర్ణయిస్తారు. పంటి డాక్టరు కూడా సంతకం పెట్టాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఇంకొక మాట. మన సంఘం హైదరాబాదులో వేళ్ళూనింది ఒక జంట వల్లనే. ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవాలో సంఘంలో చేరి, 1978 డిసెంబరులో సొంత ఊరు హైదరాబాదుకు వచ్చి 22 మంది బంధువులకు బాప్తిస్మం ఇప్పించారు. 2012లో దేశంలోనే మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) అక్కడే ఏర్పడింది.

లెక్కల టీచరమ్మ (విశాఖపట్నం):

అన్నయ్యగారూ, నేను 34 ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. “జవాబు సరే, దారి చూపించు” అని వాళ్ళను వేధించినదాన్ని. అద్భుతాల దగ్గర కూడా నాకు అదే బుద్ధి. మీ సోఫా కథ చదివి నవ్వుకున్నాను, అది మా ఇంట్లో జరిగిందన్నా నమ్ముతాను.

2023 సెప్టెంబరు నుంచి 18 నెలలు మేం బెంగళూరు మిషన్‌లో ఉన్నాం. మా వారికి ఆఫీసులో జమాఖర్చులు, నాకు కుర్ర మిషనరీలు అద్దెకుండే ఇళ్ళ బాధ్యత. మొదటి ఇంట్లో కుక్కరు గాస్కెట్ తెగిపోతే, మూత మీద నీళ్ళ గిన్నె బరువు పెట్టి వండుకుంటున్నారు. మూడు నెలలుగా పప్పు ఉడకలేదట! సువార్త పాఠాలన్నీ నోటికి వచ్చిన పిల్లలకు గాస్కెట్ అనేది విడిగా అమ్ముతారని తెలియదు.

నేనొక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఎడమవైపు “జరిగింది”, కుడివైపు “నేను అనుకున్నది”. రెండూ కలిపి రాయకూడదని నియమం.

2024 మార్చిలో బెంగళూరు బోర్లు ఎండిపోయాయి. తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా. 12,000 లీటర్ల ట్యాంకరు ఐదు కిలోమీటర్లలోపు 1,000 రూపాయలకు మించకూడదని ప్రభుత్వం ధర కట్టింది. ధర కట్టారు సరే, ట్యాంకరేదీ? ఒక శనివారం వెళ్ళేసరికి మూడో అంతస్తులో నలుగురు కుర్రాళ్ళు, బకెట్ అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు. పదిహేను చోట్లకు ఫోను చేశాను. కిందికి దిగి గేటు దగ్గర నిలబడి, “దేవుడా, ట్యాంకరు అడగను, రెండు బిందెలైనా చూడవయ్యా” అని పైకే గొణుక్కున్నాను. పక్క భవనం కాపలాదారు తలెత్తి “అమ్మా, తెలుగువాళ్ళా?” అన్నాడు. కదిరి దగ్గర పల్లె అతనిది. యజమానికి ఫోను చేసి అడిగి, సంపు మూత తీశాడు. పదకొండు బకెట్లు. ఆఖరి దానిలో స్టీలు చెంబు తేలుతోంది. అది అతని సొంత చెంబు, ముంచుకోవడానికి వీలుగా ఉంటుందని వేశాడు.

మా వారు ఆ రాత్రే దాన్ని అద్భుతాల్లో కలిపేశారు. నా నోటుబుక్కులో ఎడమవైపు పదకొండు బకెట్లు, చెంబు ఉన్నాయి. కుడివైపు ఇప్పటికీ ఖాళీ.

జరగనిది కూడా చెబుతాను. డయాలిసిస్ చేయించుకునే ఒక తమిళ పెద్దావిడ ఉండేది. ఆమెకు తెలుగు రాదు, నాకు తమిళం రాదు, ఇద్దరికీ కలిపి పది కన్నడ మాటలు. గురువారం గురువారం రెండు ఇడ్లీలు, కాస్త నెయ్యి తీసుకువెళ్ళేదాన్ని. ఆమె కోసం ఎన్ని ఉపవాసాలున్నామో! ఒక గురువారం మామూలుగానే డబ్బా పట్టుకుని వెళితే కొడుకు తలుపు తీశాడు. తెల్లవారుజామున పోయిందట. నాకు మాట రాలేదు. అతను నా చేతిలో డబ్బా తీసుకుని, గడపలోనే కూర్చుని, రెండు ఇడ్లీలూ తిన్నాడు. ఖాళీ డబ్బా కడిగి ఇచ్చాడు.

ఆ ప్రార్థన ఎందుకు ఫలించలేదో నాకు తెలియదు. తరువాతి గురువారం కూడా ఇడ్లీలు వేశాను, అది మాత్రం తెలుసు. మీరు అడుగుతున్న విశ్వాసం అదేనేమో, వేరే ఏదైనా ఉందేమో బిషప్ గారినే అడగండి. వెళ్ళేముందు నాకు ఇంతకన్నా తక్కువే ఉండేది.

వేపచెట్టు:

నేను మీ సంఘం కాదు, ఏ సంఘమూ కాదు. అమ్మా, ఆ కాపలాదారు మంచివాడు. అంతే కదా? మధ్యలో దేవుడెందుకు?

లెక్కల టీచరమ్మ:

బాబూ, అందుకే కుడివైపు ఖాళీ వదిలాను. కానీ అతనికి థాంక్స్ చెప్పాక కూడా ఇంకా చెప్పాల్సింది మిగిలిపోయింది. ఎవరికి చెప్పాలి? ఆ మిగులే నన్ను వేధించేది. నీకు అలా మిగలకపోతే గొడవే లేదు.

అన్నట్టు, మేం తిరిగి వచ్చేముందు అతని కూతురికి పదో తరగతి లెక్కలు ఆరు వారాలు చెప్పాను. త్రికోణమితి అంటే ఏడ్చేది.

మూసీగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. మా ఆవిడకు చదివి వినిపించాను. ఇడ్లీల దగ్గర లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి వచ్చి, “కుక్కరు మూడు లీటర్లది చాలునా, ఐదు లీటర్లదా? అడగండి” అంది. రేపు పంటి డాక్టరు దగ్గరికి వెళుతున్నాను.

లెక్కల టీచరమ్మ:

ఐదు. కుర్రాళ్ళు చెప్పకుండా భోజనానికి వస్తారు. గాస్కెట్లు రెండు ఎక్కువ పెట్టుకోండి.