కుక్కల్లో లాపరోస్కోపీకి వెరెస్ సూది ఎక్కడ గుచ్చితే ప్లీహానికి దెబ్బ తగలదు?

నమస్కారం అండీ. నేను పశువైద్యుడిని. ఆడకుక్కలకు లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి చేసే ఆపరేషన్‌తో) అండాశయాలు తీయడం ఈ మధ్యే మొదలుపెట్టాను. పోయిన వారం 22 కిలోల లాబ్రడార్‌కు బొడ్డు దగ్గర వెరెస్ సూది (పొట్టలోకి గ్యాస్ నింపడానికి వాడే సూది) గుచ్చాను. కెమెరా పెట్టి చూస్తే ప్లీహం మీద చిన్న గాయం, కాస్త రక్తం. కాసేపటికి దానంతట అదే ఆగింది. మర్నాడు కుక్క హుషారుగా అన్నం తింది కూడా. నాకు మాత్రం ఇంకా టెన్షన్ తగ్గలేదు.

మూత్రాశయం ముందే ఖాళీ చేశాను. పొట్ట గోడను పైకి ఎత్తి పట్టుకునే గుచ్చాను. సూది పైన వేసిన సెలైన్ చుక్క లోపలికి జారింది, గ్యాస్ పెట్టగానే పీడనం కూడా తక్కువే చూపించింది. అంటే సూది మొన సరైన చోటే ఉందనుకున్నాను. మత్తుకు ముందు ఏస్‌ప్రొమజిన్ అనే మందు ఇచ్చాను, దానితో ప్లీహం ఉబ్బుతుంది కదా, అదే కొంప ముంచిందేమో అనిపిస్తోంది. మీరు మత్తుకు ముందు ఏం ఇస్తున్నారు?

ప్లీహం ఎడమవైపు ఉంటుంది కాబట్టి కొందరు కుడివైపు చివరి పక్కటెముకల మధ్య నుంచి గుచ్చుతారని చదివాను. అక్కడ కాలేయానికి, ఊపిరితిత్తుల పొరకు దెబ్బ తగలదా? ఎంత లోతు వరకు పోనిస్తారు?

లేదా సూది మానేసి, చిన్న కోత పెట్టి కళ్లతో చూస్తూ మొదటి పోర్టు (కెమెరా, పరికరాలు వెళ్లే గొట్టం) దింపే హాసన్ పద్ధతికే మారిపోనా? బొడ్డు దగ్గర కొవ్వు ఎక్కువున్న కుక్కల్లో అదీ కష్టంగానే ఉంది. 5 కిలోల లోపు కుక్కలకు మీరేం చేస్తారో కూడా చెప్పండి. చేసి చూసినవాళ్లు దయచేసి వివరంగా రాయండి.