'100% బయోడీగ్రేడబుల్' సంచి ఆరు నెలలైనా ఎరువులో అలాగే ఉంది. ఎందుకు?

ప్రశ్న (బెళ్లందూరు, బెంగళూరు)
అందరికీ నమస్తే. మా బాల్కనీలో మూడంతస్తుల మట్టి కుండలో తడి చెత్తను ఎరువు చేసుకుంటాను. జూన్‌లో ఆకు బొమ్మ, '100% బయోడీగ్రేడబుల్' అని ఉన్న చెత్త సంచులు ఎక్కువ డబ్బు పెట్టి మరీ కొన్నాను. కూరగాయల తొక్కలు సంచితో సహా కుండలో వేసేదాన్ని. నిన్న ఎరువు జల్లెడ పడితే, గోటికి అంటుకునేంత చిన్న పచ్చ ముక్కలు. దానిమ్మ తొక్క కూడా నల్లగా పొడైపోయింది, ఇవి మాత్రం లాగితే సాగుతున్నాయి! ఆ ఎరువే పోయిన నెల గోంగూర కుండీలకు వేశాను. పిల్లలు తినేది కదా, రాత్రి నిద్ర పట్టలేదు. పొరపాటు నాదా, సంచిదా?

జవాబు (వైట్‌ఫీల్డ్)
మీ పొరపాటు కాదండీ. బయోడీగ్రేడబుల్ (సూక్ష్మజీవుల వల్ల ఎప్పటికో కుళ్లేది), కంపోస్టబుల్ (కుళ్లి ఎరువుగా మారేది) ఒకటి కావు. కంపోస్టబుల్ సంచి అయితే ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణానికి సరిపోవాలి, దాని మీద తయారీదారు పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ నంబరు ఉండాలి. ఇంకో సంగతి, ఆ ప్రమాణం పెద్ద కంపోస్ట్ ప్లాంట్లను దృష్టిలో పెట్టుకుని చేసింది. ల్యాబ్‌లో దాదాపు 58 డిగ్రీల వేడిలో పరీక్షిస్తారు. బాల్కనీ కుండలో అంత వేడి వారాల తరబడి నిలవదు. అంటే నంబరున్న సంచి కూడా మీ కుండలో కుళ్లి ఎరువవుతుందన్న నమ్మకం లేదు. మామూలు ప్లాస్టిక్‌లోనే ఏదో కలిపి తొందరగా చిట్లేలా చేసే రకం ఒకటుంది, ఆక్సో అంటారు. చిట్లడం వేరు, మట్టిలో కలవడం వేరు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో దాన్ని 2021లోనే నిషేధించారు.

జవాబు (మల్లేశ్వరం)
అక్కా, సంచే వద్దు. బకెట్ అడుగున రెండు పొరలు న్యూస్ పేపర్ వేయి, తడి పీల్చుకుంటుంది. పేపర్‌తో సహా కుండలో వేసేయొచ్చు. మా అత్తగారు ఇలాగే చేస్తారు, వాసన కూడా రాదు.

బెళ్లందూరు
ప్యాకెట్ వెతికి చూశాను. ఆకు బొమ్మ, 'పర్యావరణ మిత్ర' తప్ప ఏ నంబరూ లేదు. ఇది మోసమే.

జవాబు (వైట్‌ఫీల్డ్)
అయితే వదలకండి. ఆధారం లేకుండా 'పర్యావరణ మిత్ర' లాంటి మాటలు రాయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. ప్యాకెట్, బిల్లు పారేయొద్దు.

బెళ్లందూరు
బిల్లు ఫోన్‌లో ఉంది. జల్లెడలో మిగిలిన ముక్కలు కూడా సీసాలో పోసి పెట్టాను, రేపే ఫోన్ చేస్తాను. గోంగూర కుండీల పై మట్టి తీసేసి మళ్లీ విత్తనాలు చల్లుతున్నాను.