మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్ 2013 నుంచి ఎస్‌ఈకి (సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్) మారినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది రాయగడ, హోల్‌సేల్ వ్యాపారం, గుణుపూర్‌లో చిన్న బ్రాంచి. మెయిల్ అంతా ఒకే పాత సర్వర్ మీద, విండోస్ సర్వర్ 2012 ఆర్2, దానిపై ఎక్స్ఛేంజ్ 2013. రెండింటికీ 2023లోనే సపోర్టు అయిపోయింది, అయినా నడుస్తోంది కదా అని మా సార్ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు ఆయనకే తొందర.

విశాఖ నుంచి వచ్చే సర్వీసు కుర్రాడు ఉన్న మెషీన్‌లోనే విండోస్ అప్‌గ్రేడ్ చేసేద్దాం అంటున్నాడు. ఎక్స్ఛేంజ్ ఉండగా కింద ఓఎస్ వెర్షన్ మార్చడానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు లేదు, ఆ పని మాత్రం చెయ్యను. కొత్త సర్వర్ కొంటున్నాం. చిక్కేంటంటే ఎస్‌ఈ, ఎక్స్ఛేంజ్ 2013 ఉన్న యాక్టివ్ డైరెక్టరీలో (యూజర్లు, కంప్యూటర్ల వివరాలుండే చోటు) ఇన్‌స్టాల్ అవ్వదు, ఎక్స్ఛేంజ్ 2019 సీయూ15 (15వ క్యుములేటివ్ అప్‌డేట్) కూడా అంతే. కాబట్టి విండోస్ సర్వర్ 2022 మీద 2019 సీయూ14 పెట్టి, మెయిల్‌బాక్సులు జరిపి, 2013ని పద్ధతిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాత దాని మీదే ఎస్‌ఈ వేద్దామని నా ఆలోచన. ఎక్స్ఛేంజ్ 2016 మీదుగా వెళ్తే మళ్ళీ ఇంకో సర్వర్ కావాలి, సార్ చంపేస్తారు.

ఈ మధ్య మజిలీకి 2019ని లైసెన్స్ కీ లేకుండా 180 రోజుల ట్రయల్‌లో నడిపినవాళ్ళు ఉన్నారా? గుణుపూర్‌లో కొన్ని పీసీల్లో ఇంకా అవుట్‌లుక్ 2010 ఉంది, ఎక్స్ఛేంజ్ 2019కి కనీసం అవుట్‌లుక్ 2013 కావాలి కాబట్టి ముందు వాటిని మార్చాలా, లేక కొన్నాళ్ళు బ్రౌజర్‌లో చూసుకోమంటే సరిపోతుందా? అక్కడి లెక్కలాయనకి కొత్త స్క్రీన్ అంటేనే టెన్షన్. ఇంకోటి, మాకు కరెంటు కోతలు ఎక్కువ, పెద్ద మెయిల్‌బాక్స్ జరుగుతుండగా సర్వర్ ఆగితే ఆగినచోట నుంచే మొదలవుతుందా, చేసి చూసినవాళ్ళు చెప్పండి.