నెట్ సెంటర్‌కి ఎక్స్11 ఉంచాలా, వేలాండ్‌కి మారాలా?

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న నెట్ సెంటర్. రెండు సిస్టమ్‌లు, రెండింట్లోనూ ఉబుంటు 22.04 లినక్స్. అందులో విండోలు తెరమీద చూపించి, కీబోర్డులో కొట్టేది వాటికి అందించే పని ఎక్స్11 గానీ, దాని బదులు వచ్చిన వేలాండ్ గానీ చేస్తుంది. జనం బ్యాంకు పాస్‌వర్డ్‌లు కూడా మా దగ్గరే కొడతారు, అదే నా టెన్షన్. 1987 నాటి ఎక్స్11లో ఏ ప్రోగ్రామ్ అయినా పక్క విండోలో కొట్టేది చూడగలదని విని, కీబోర్డులో నొక్కేవి చూపించే ఎక్స్‌ఇన్‌పుట్ కమాండ్‌తో పరీక్షించాను. రూట్ (అడ్మిన్) పర్మిషన్ అడక్కుండానే నొక్కిన ప్రతి కీ నంబరూ టెర్మినల్‌లో వరసగా పడింది. గుండె జారిపోయిందనుకోండి.

వేలాండ్‌లో ఒక విండోలో కొట్టింది ఇంకోదానికి అందదు. బాగానే ఉంది, కానీ ఫారాలు నింపడానికి ఎక్స్‌డూటూల్‌తో (కీలు, క్లిక్‌లు మన బదులు తానే నొక్కే టూల్) రాసుకున్న స్క్రిప్టు అక్కడ మూలనపడింది. బదులు అదే పని వేలాండ్‌లోనూ చేసే వైడూటూల్ పెడదామంటే యూఇన్‌పుట్‌కి (ప్రోగ్రామ్‌లు ఉత్తుత్తి కీబోర్డు సృష్టించుకునే లినక్స్ దారి) పర్మిషన్ ఇవ్వాలి. ముందు తలుపు గడియపెట్టి దొడ్డి తలుపు తీసినట్టు కాదూ? ఎక్స్‌వేలాండ్ (వేలాండ్‌లో ఎక్స్11 యాప్‌లను నడిపించేది) మీద నడిచే పాత యాప్‌లు ఒకదాన్నొకటి చూసుకోకుండా ఆపే దారి ఉందా? షాపుల్లో వాడుతున్నవాళ్లు కాస్త చెప్పండి.