వెట్టి నుంచి బయటపడ్డవాళ్లకు సాయం: కేసు తేలేదాకా ఆపాలా?

కృష్ణఒడ్డు: ఇటుక బట్టీల్లోంచి విడిపించిన కూలీలకు కేంద్రం ఇచ్చే పునరావాస సాయం మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు 2 లక్షలు, అక్రమ రవాణా, లైంగిక దోపిడీ లాంటివైతే 3 లక్షలు. కానీ వెంటనే చేతికొచ్చేది 30,000 లోపే. మిగతాది యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. ఆ ముడి తీసేయాలంటాను. మీరేమంటారు?

బట్టీబాబు: మాది బట్టీయే, దాచేదేముంది. నిరుడు సర్దారుకు, అదే కూలీలను తెచ్చే మేస్త్రీకి, లక్షల్లో అడ్వాన్సు ఇచ్చాం. సంక్రాంతి దాటిందో లేదో సగం మంది రాత్రికి రాత్రే చెక్కేశారు, సర్దారు ఫోన్ స్విచాఫ్. అమ్మ బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అది. మాకెవరిస్తారు పునరావాసం? కేసు తేలకుండానే లక్షలిస్తే ఎగ్గొట్టిన ప్రతివాడూ బాధితుడే అవుతాడు.

సత్తి: 20,000 కదా ఇచ్చేది?

కృష్ణఒడ్డు: అది 2016 పథకంలో. తర్వాత పెంచారు.

లా_పాయింట్: బట్టీబాబు గారూ, మిమ్మల్ని ముంచింది సర్దారు, వెళ్లి వాడి మీద కేసు పెట్టుకోండి. ఆర్డీవో విచారణలో వెట్టి అని ప్రాథమికంగా తేలితే, శిక్ష పడలేదని సాయం ప్రతిపాదన ఆపకూడదని పథకంలోనే ఉంది. కానీ చివరి పైసలు మళ్లీ కోర్టు దగ్గరే ఆగుతాయి. కేసేమో పెద్దపల్లిలో, మనుషులేమో ఒడిశాలో బలంగీర్ పల్లెల్లో. కూలి మానుకుని, రైలు ఛార్జీలు పెట్టుకుని వాయిదాకు ఎవడొస్తాడండీ? సాక్షులు రారు, కేసు కొట్టేస్తారు, డబ్బూ రాదు. ఈలోగా ఇంట్లో తిండిగింజలు అయిపోతే మళ్లీ అదే సర్దారు గుమ్మంలో ఉంటాడు.

వీరభద్రం: నగదు ఇస్తే తాగేస్తారు. రేషను, ఇల్లు ఇస్తే చాలు.

లా_పాయింట్: 2 లక్షల్లో కనీసం 1.25 లక్షలు డిపాజిట్‌లో వేస్తారు, ఖాతాలో పడేది 75,000. తాగుడు సంగతి ఈ థ్రెడ్‌లో వద్దు.

బట్టీబాబు: పెద్ద పెద్ద మాటలు చెప్పకండి. మేమేమన్నా గొలుసులేసి కట్టేశామా? ఇష్టపడి వచ్చారు, వేలిముద్ర వేసి అడ్వాన్సు తీసుకున్నారు, వారం వారం ఖర్చీ, అంటే తిండి ఖర్చులకు డబ్బు, ఇస్తున్నాం.

కృష్ణఒడ్డు: ఆ ఖర్చీ పుస్తకాలు నేనూ చూశాను. బియ్యం, మందుబిళ్లలు, ఫోన్ రీచార్జ్ అన్నీ రాసి ఉంటాయి, వెయ్యి ఇటుకలకు కూలి ఎంతో మాత్రం రాయరు. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకుంటే అది బలవంతపు చాకిరీయే అని 1982లోనే, ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ పనుల కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. ఆకలి కూడా బలవంతమే అంది. గొలుసులు అక్కర్లేదు.

లా_పాయింట్: ఆ అడ్వాన్సు వెట్టి బాకీ కాదని నిరూపించుకోవాల్సింది కూడా అప్పిచ్చినవాడే. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం, 15వ సెక్షన్.

బట్టీబాబు: అదేం న్యాయం?

కృష్ణఒడ్డు: ఇప్పుడు బయటపడ్డావు. డబ్బు ముందివ్వాలా తర్వాతివ్వాలా అన్నది కాదు నీ గొడవ. వాళ్లను బాధితులంటేనే నీకు ఒప్పదు.

బట్టీబాబు: ఒప్పదు, ఏం? అడ్వాన్సు తీసుకున్నోడు బాధితుడైతే బ్యాంకు లోను కడుతున్న నేనెవర్ని?

కృష్ణఒడ్డు: బ్యాంకోడు నీ కొడుకును బడి మాన్పించి పచ్చి ఇటుకలు తిప్పమన్నాడా? నీ ఆధార్ కార్డు బీరువాలో పెట్టి తాళమేశాడా?

బట్టీబాబు: పోగొట్టుకుంటారని మేం జాగ్రత్త చేస్తాం. దానికీ తప్పు పడితే ఎలా?

సత్తి: ఇంతకీ ఆ 30,000 ఇంటికా, మనిషికా?

లా_పాయింట్: మనిషికి.