జిల్లా క్రీడా సంఘం ఎన్నికల్లో ఆటగాళ్లకు ఓటు ఉండాలా, వద్దా?

పాత లెఫ్ట్ కార్నర్:
నేను ఒకప్పుడు కబడ్డీలో లెఫ్ట్ కార్నర్‌ని, అంటే ఎడమ చివర నిలబడి రైడర్‌ని పట్టేవాణ్ని. మా జిల్లాలో మొన్న జూనియర్ కబడ్డీ సెలక్షన్స్ జరిగాయి. పొద్దున్నే పిల్లల బరువులు తూచారు, సాయంత్రం దాకా ఆడించారు. చీకటి పడ్డాక ఒకాయన ఫోన్ చూసి 12 పేర్లు చదివాడు. మార్కుల షీటు లేదు, సెలక్టర్ల సంతకాలు లేవు. అందులో ఒక కుర్రాడు ఆ రోజు గ్రౌండ్‌లోకే దిగలేదు. మా అన్నయ్య కొడుకు వెళ్లి అడిగితే "వచ్చే ఏడాది చూద్దాంలే" అన్నారు. వచ్చే ఏడాదికి వాడికి వయసు దాటిపోతుంది. రాష్ట్రస్థాయి సర్టిఫికెట్ లేకపోతే స్పోర్ట్స్ కోటాలో అప్లై చేయడానికి వాడి దగ్గర ఏముంటుంది?

గట్టిగా నిలదీయలేకపోతున్నాం, ఎందుకంటే మా దగ్గర సంఘంలో ఓటు క్లబ్బులది. కొన్ని క్లబ్బులు ఓటరు లిస్టులో తప్ప గ్రౌండ్‌లో కనిపించవు. జిల్లాకు ఆడిన ప్రతి ఆటగాడికీ ఓటు ఇవ్వాలి, ఇదే నా వాదన.

గౌరవ కార్యదర్శి, వేరే జిల్లా:
తమ్ముడూ, ఆ పిల్లాడికి జరిగింది అన్యాయమే. కానీ మా వైపు నుంచి కూడా చూడు. మాకు జీతం లేదు. మ్యాట్ అద్దె, స్లీపర్ టికెట్లు, దారిలో భోజనాలు... సగం నా జేబులోంచే పోతుంది. ఇక ఓటు సంగతి. జట్టులో చోటు దొరికితే ఓటు వస్తుందంటే, ఎన్నికల ఏడాది ప్రతి వర్గం తన కుర్రాళ్లనే జట్టులో ఇరికిస్తుంది. ఇప్పుడున్న పక్షపాతం రెట్టింపవుతుంది. కోర్టుకెక్కితే మాత్రం? జాతీయ కబడ్డీ సమాఖ్యను 2018లో ఢిల్లీ హైకోర్టు అడ్మినిస్ట్రేటర్ చేతికిచ్చింది. 2023 డిసెంబరులో ఎన్నికైన కార్యవర్గానికి పగ్గాలు అందడానికి 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

విలువిద్య నేర్చుకునే పాప వాళ్లమ్మ:
పెద్దల గొడవకి శిక్ష పడేది పిల్లలకే. 2019లో జాతీయ ఆర్చరీ సంఘంలో రెండు వర్గాలు ఒకే రోజు ఢిల్లీలో, చండీగఢ్‌లో వేర్వేరుగా ఎన్నికలు పెట్టుకున్నాయి. ప్రపంచ ఆర్చరీ సంస్థ మన సంఘాన్ని సస్పెండ్ చేసింది. ఆ నవంబరులో బ్యాంకాక్‌లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ, అభిషేక్ వర్మతో కలిసి ఆసియా ఛాంపియన్‌షిప్‌లో మిక్స్‌డ్ టీమ్ స్వర్ణం గెలిచింది, కానీ మన జెండా కింద కాదు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

పాత లెఫ్ట్ కార్నర్:
కార్యదర్శి అన్నా, మీరు జేబు డబ్బు పెడుతున్నారంటే దండం పెడతాను. ఆ లెక్కే గోడకు అంటించండి, మిమ్మల్ని వేలెత్తి చూపేవాడుండడు. లెక్క దాచేవాళ్ల పాపం మీలాంటి వాళ్ల నెత్తిన పడుతోంది.

కబడ్డీ కేసు మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను, అది అక్కడిదాకా ఎందుకెళ్లింది? దాదాపు 3 దశాబ్దాలు అధ్యక్షుడిగా ఉన్నాయన 2013లో జీవితకాల అధ్యక్షుడయ్యాడు, ఆయన భార్య అధ్యక్షురాలైంది. చివరికి మాజీ ఆటగాళ్లు కోర్టుకెక్కితే ఆ రెండు ఎన్నికలూ రద్దయ్యాయి. అదే 2018 ఏషియాడ్‌లో (ఆసియా క్రీడల్లో) మగవాళ్లు సెమీస్‌లో, ఆడవాళ్లు ఫైనల్‌లో ఇరాన్ చేతిలో ఓడారు. తర్వాత సెప్టెంబరులో, జట్టులోకి తీసుకోని వాళ్లతో ఏషియాడ్ జట్టు ఆడాలని హైకోర్టు మ్యాచ్ పెట్టించింది. ఏషియాడ్ జట్టు గ్రౌండ్‌కే రాలేదు! సెలక్షన్ తేల్చడానికి జడ్జి కూర్చోవాల్సి వచ్చిందంటే, సంఘం లోపల అడిగే నోరు లేకపోబట్టే.

ఓట్ల కోసం ఇరికిస్తారన్న మీ భయం నిజమే. దానికి దారి ఉంది. ఆట మానేసిన వాళ్లకే ఓటివ్వండి, అది కూడా కనీసం రెండేళ్లు జిల్లాకు ఆడినవాళ్లకి. వాళ్లకి జట్టులో చోటు అక్కర్లేదు, ఎవరు ఎలా ఆడతారో మాత్రం తెలుసు. 2025 క్రీడా పాలన చట్టం జాతీయ సంఘాల కార్యవర్గంలో కనీసం ఇద్దరు మేటి క్రీడాకారులుండాలంటోంది. పిల్లల బతుకు తేలేది జిల్లాలో, అక్కడ ఒక్కరైనా వద్దా?

గౌరవ కార్యదర్శి, వేరే జిల్లా:
మార్కుల షీటు, సెలక్టర్ల పేర్లు, ఖర్చుల లెక్క గోడకు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. వచ్చే సెలక్షన్స్ నుంచే పెడతాను. ఆట మానేసిన వాళ్లకి ఓటు అన్నది ఆలోచించదగ్గదే, కానీ మా జనరల్ బాడీలో నెగ్గదు. ఉన్న ఓటు పంచుకోవడానికి క్లబ్బులవాళ్లు ఒప్పుకోరు.

పాత లెఫ్ట్ కార్నర్:
నెగ్గకపోయినా తీర్మానం పెట్టండి అన్నా. ఎవరు వద్దన్నారో పేరుపేరునా మినిట్స్‌లో రాయించండి. మా జిల్లాలో కూడా పెట్టించడానికి పాత ఆటగాళ్ల సంతకాలు సేకరిస్తున్నాను.